తెల్లారించే రిమోటు

కృత్తిక కార్తె, ఆఖరి రోజు

మెలకువ కాపున్నవాడు రోజూ నాలుగు ముక్కలు రాసి పెట్టాలని మా గనిపేట పంచాయతీ రూలు. రాయకపోతే మతి చలించిందనుకొని డాక్టరును పంపుతారు. ఆ డాక్టరుకు నా మతి మీద ముందునుంచే అనుమానం. అందుకని కార్తె మొదలైన దగ్గర్నుంచి "అంతా బాగుంది, ఉక్కగా ఉంది" అని ఒకే మాట రాస్తూ వచ్చాను. ఇవాళ బాగాలేదు. ఉక్క మాత్రం ఉంది.

రిమోట్లు నాలుగూ కరిగిపోయాయి.

జరిగింది జరిగినట్టు రాస్తాను. గోడ టీవీ రిమోటు రెండు రోజులుగా మొరాయిస్తోంది. అరచేతికేసి కొట్టాను. సెల్లులు తీసి అటుది ఇటు, ఇటుది అటు వేశాను. పంటితో కొరికాను. దేనికీ లొంగకపోతే మా వైపు ఇళ్ళల్లో ఆఖరి వైద్యం ఒకటుంది, కాసేపు ఎండకు పెట్టడం. ఎండ తగిలితే సెల్లుకు నాలుగు రోజులు ఊపిరి వస్తుంది. మా తాత పెట్టాడు, మా నాన్న పెట్టాడు. ఎటూ పైకి వెళ్తున్నాను కదా అని మిగతా మూడు రిమోట్లూ కూడా పట్టుకెళ్ళాను. మేము కాపురముండే పాత గని పైమూత ఎత్తి, చెయ్యి ఒక్కటే బయటికి చాపి, నాపరాయి మీద వరసగా పెట్టి దిగి వచ్చాను.

రెండు సంగతులు మరిచిపోయాను. మా తాత నాటి ఎండ వేరు, ఈ ఎండ వేరు. ఇప్పుడు పైన రాయి మీద గుడ్డు కొడితే అట్టు కాదు, బొగ్గవుతుంది. రెండోది, ఆ రిమోట్లకు కొన్ననాడు తొడిగిన పాలిథిన్ కవర్లు అట్లాగే ఉన్నాయి. కవరు తీస్తే రిమోటు పాతబడుతుందని తిరపతమ్మ తీయనివ్వదు. పైన రబ్బరు బ్యాండ్లు కూడా వేస్తుంది.

మధ్యాహ్నం పటకారు పెట్టి లాగితే నాలుగూ కలిసి ఒకే ముద్దగా వచ్చాయి. టీవీ బటను పోయి పాటల పెట్టె బటను ఒళ్ళో కూర్చుంది. ఇంట్లో యంత్రాలన్నిటికీ ఒకే రిమోటు ఉండాలని తిరపతమ్మ ఎన్నాళ్ళుగానో పోరుతోంది. ఇదుగో, ఉంది.

నవ్వొచ్చింది. తర్వాత తిరపతమ్మ పడుకున్న పెట్టె వైపు చూశాను. నవ్వు ఎటు పోయిందో తెలియదు.

తిరపతమ్మ నా భార్య. ఎండలు ముదరగానే ఊరందరితో పాటు చలిపెట్టెలో పడుకుంది. ఇంటికొకరు మేలుకొని ఉండాలి కాబట్టి చీటీలు వేస్తారు, మా ఇంట్లో ఈ యేడూ నా పేరే వచ్చింది. మృగశిర కార్తెకు గని సైరను కూత పడి, తొలి చినుకుకు పెట్టెలు తెరుచుకునేదాకా ఆమె పగలూ రాత్రీ నా చేతిలో ఉంటాయి. నా చేతిలో అంటే, ఆ ముద్దలో.

రోహిణి కార్తె, మొదటి రోజు

నిన్న సాయంత్రం ఎట్లాగో తడుముకుంటూ ఆపాను. ఇవాళ చేత్తో తెల్లారించాను. సరిగ్గా తెల్లారలేదు.

పెట్టెలో ఉన్న మనిషికి కూడా రోజూ తెల్లవారాలి, పొద్దుగూకాలి. లేకపోతే నిద్ర అడుగు తెలియకుండా దిగిపోతుంది. అందుకని పొద్దున గని కూత పడగానే ముఖం మీదికి టీవీ వెలుగు, చెవికి పాటల పెట్టె, ముక్కుకు వాసన డబ్బా, వీపు కింద అదురుడు పీట, నాలుగూ ఒక్క క్షణంలో మొదలవ్వాలి. సాయంత్రం కూతకు నాలుగూ ఒక్కసారి ఆగాలి. ఒకటి ముందూ ఒకటి వెనకా అయితే లోపలి మనిషికి ఏది నమ్మాలో తెలియక చెదిరిపోతుంది. చెదిరిందీ లేనిదీ పెట్టె తలవైపు దీపం చెబుతుంది. ఆకుపచ్చగా ఉంటే క్షేమం. పసుపు, నారింజ, ఆ తర్వాత ఎరుపు. దీపం ఎర్రగా ఉన్న పెట్టె మృగశిర కూతకు తెరుచుకోదు. మూడో వీధిలో ఒక పెట్టె నాలుగేళ్ళుగా మూసే ఉంది. ఇంటివాళ్ళు దాని మీద మడతపెట్టిన బట్టలు పెట్టుకుంటున్నారు.

రిమోటు లేకపోతే యంత్రాల మీద బటన్లు ఉంటాయి కదా అనుకున్నాను. గోడ టీవీకి బటను ఎక్కడుందో చేసినవాడికీ దేవుడికీ తెలియాలి. గోడకూ దానికీ మధ్య వేలు దూర్చి బల్లిలా పాకి పట్టుకున్నాను. పాటల పెట్టె బటను ముందుంది, మంచి పిల్ల. పీట బటను చలిపెట్టె అడుగున ఉంది, కాలి బొటనవేలితో అందుతుంది. కూత పడేసరికి ఎడమ చెయ్యి టీవీ వెనక, కుడి చేతిలో పాటల పెట్టెకు గురిపెట్టిన కర్ర, కాలు పెట్టె కింద. వాసన డబ్బాకు ఏం మిగిలింది? గడ్డం. గడ్డంతో నొక్కాను. మల్లెల వాసన రావాల్సిన దానికంటే ఒక దగ్గంత ఆలస్యంగా వచ్చింది. దీపం పసుపు తిరిగింది.

పక్కింటి సువార్తమ్మ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. ఆమె కొడుకూ కోడలూ పెట్టెల్లో ఉన్నారు, ఆమె కాపు.

"ఏందయ్యా చెన్నయ్యా, పొద్దుపొద్దున్నే సర్కస్సు?"

"రిమోట్లు ఎండకు పెట్టా పిన్నమ్మా."

"ఈ ఎండకా?"

"వేరే ఎండ యాడన్నా ఉంటే చెప్పు, అందులో పెడతా."

ఆమె నవ్వబోయి దీపం చూసి ఆగిపోయింది. "నీ ఎగతాళి తగలెయ్య. పిల్ల పసుపుకొచ్చింది చూడు."

రేపు కూతకు వచ్చి ఒక్క వాసన డబ్బా నొక్కిపొమ్మని అడిగాను. "అదే కూతకు నా ఇంట్లో ఇద్దర్ని తెల్లారించాలి గదరా. ఎట్టా వస్తా?" అంది. నిజమే. ఊరు ఊరంతా తెల్లారేది ఒక్క కూతకే.

సాయంత్రం ఆపడం ఇంకా అధ్వాన్నం. పీట అన్నిటికంటే ఆలస్యంగా ఆగింది.

రోహిణి, మూడో రోజు

దీపం పసుపు మీదే ఉంది. మధ్యలో చిన్న నారింజ చుక్క. అది నా భ్రమ అనుకోవడానికి నిన్నంతా ప్రయత్నించాను.

మస్తాను కొట్టుకు వెళ్ళాను. వలస వీధి చివర, పెట్టెలకూ టీవీలకూ సామాను అమ్మేది అతనొక్కడే. వేసవిలో కొత్త సరుకు దిగదు. అన్నిటికీ పనిచేసే రిమోటు అంటే మూడు తీసి బల్ల మీద పెట్టాడు.

"చూసి తీసుకో అన్నా. ఒకసారి జత కట్టావంటే మృగశిర దాకా ఇంకోటి పట్టదు. యంత్రాల మీద బటన్లు కూడా చచ్చిపోతయ్. తీరా కట్టినాక మార్చియ్యమంటే నా చేతిలో లేదు."

"ఏం రూలురా అది?"

"పక్కిళ్ళ టీవీలు మార్చే వెధవలుంటారని పెట్టారు." నా వంక చూసి, "వెధవలు అన్నా, వెధవ అనలా," అన్నాడు.

మొదటిది మహారాజు. ఇటుకంత ఉంది, దాని మీద నూరు బటన్లు. ఒక్కో యంత్రానికి ఒక్కో నంబరు కొట్టుకోవాలి. నంబరు తెలియకపోతే సున్నా నుంచి మొదలుపెట్టి తగిలేదాకా కొట్టుకుంటూ పోవాలట. నా టీవీకీ పాటల పెట్టెకూ పీటకూ నంబర్లు మస్తానుకు తెలుసు. నా వాసన డబ్బాది నరసరావుపేటలో ఎవరో ఇంట్లో బిగించిన సరుకు, దానికి నంబరే లేదు. నేనే ఏరి కొన్నాను దాన్ని. అందులో కంపెనీ డబ్బాల్లో దొరకని వాసనలు దొరుకుతాయి.

రెండోది కోతి. పాత రిమోటును ఎదురుగా పెట్టి నొక్కితే చూసి నేర్చుకుంటుంది. బుద్ధిమంతురాలు, వెంటనే పట్టేస్తుంది. నేర్పించడానికి నా దగ్గర ముద్ద ఉంది.

మూడోది పలుకు. దీనికి బటన్లే లేవు, మాట చెప్తే వింటుంది. "తెల్లారింది" అంటే మొదలు, "ఆపు" అంటే చాలు. ఏ యంత్రమైనా సరే, గోడ ప్లగ్గు దగ్గరే పట్టుకొని తిప్పుతుంది కాబట్టి నరసరావుపేట డబ్బాకు కూడా పనిచేస్తుంది.

"ఇదే ఇయ్యి."

"నిదానం. వస్తువులు ఎవరి పేరున ఉంటే వాళ్ళ గొంతుకే వినిద్ది ఇది. పేరు కొడితే పంచాయతీ దగ్గరున్న గొంతు తెచ్చుకుంటది. మీ ఇంట్లో ఎవరి పేరున?"

మా ఇంట్లో అన్నీ తిరపతమ్మ పేరునే ఉన్నాయి, అతను ఆ పేరే కొట్టాడు. నా పేరున ఉన్నది ఈ కాపు ఒక్కటే.

"ఆమె మాట రికార్డు చేసుంటే?"

"రికార్డుకు వినదన్నా. ఎదురుగా ఊపిరి తగలాల." పలుకును వెనక్కి లాగబోయాడు. "వదిన పెట్టెలో ఉంది. నీకిది పనికిరాదు. మహారాజు తీసుకొని, వాసన ఒక్కటి చేత్తో కొట్టుకో."

ఒక్కటే వెనకబడుతుంది కదా అని నాకూ అనిపించింది. కానీ ఆ ఒక్కటే మూడు రోజుల్లో నారింజ చుక్క పెట్టింది. ఇంకా రోహిణి చాలా ఉంది.

నేను గొంతు సవరించుకున్నాను. ఎనిమిదో తరగతి రెండేళ్ళు చదివాను. చదువు రాలేదు గానీ బళ్ళో ఉన్న అందరి గొంతులూ వచ్చాయి. బల్ల మీదికి వంగి, తిరపతమ్మ నన్ను లేపే గొంతుతో, "ఏమయ్యో! తెల్లారింది!" అన్నాను.

రిమోట్లు పరీక్షించడానికి కొట్టులో పెట్టుకున్న టీవీలన్నీ ఒక్కసారి వెలిగాయి. మస్తాను అదిరిపడి "సలాం వదినా" అన్నాడు.

పలుకు తీసుకున్నాను.

రోహిణి, నాలుగో రోజు

కూత పడింది. పెట్టె పక్కన నిలబడి ఆమె గొంతుతో "తెల్లారింది" అన్నాను. నాలుగూ ఒక్క క్షణంలో లేచాయి. వెలుగు, నాదస్వరం, మల్లెలు, అదురు. ఎంత ముచ్చటగా ఉందో! మధ్యాహ్నానికి నారింజ చుక్క పోయింది.

సువార్తమ్మ తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది. "తిరపతమ్మ లేచిందా? కేకేసింది?"

"నేనే పిన్నమ్మా."

"నీ నోట్లో దుమ్ముపడ. దేవుడి తోడు, నిన్ను తిట్టబోతందనే అనుకున్నా." కూర్చుని ఆయాసం తీర్చుకుంది. "మళ్ళీ ఒకసారి అను."

అన్నాను. ఈసారి కొంచెం తిట్టు కూడా కలిపాను.

రోహిణి, ఏడో రోజు

దీపం పచ్చన. ఏ దోషమూ లేదు.

మెలకువగా ఉన్న ఊళ్ళో నవ్వడానికి ఏముంటుంది? టీవీలో ఎండాకాలమంతా ఒకే పెళ్ళి సీరియలు నడుస్తుంది, ఇంతవరకు తాళి దగ్గరికి రాలేదు. అందుకని సాయంత్రం ఆపడం అయ్యాక కాపు వాళ్ళంతా మా వాకిట్లో చేరుతున్నారు. నేను తిరపతమ్మ గొంతుతో మస్తాను కొట్టుకు వెళ్ళి బేరమాడతాను. నన్ను నేనే తిట్టుకుంటాను. "ఆ బుర్రలో మెదడుండాల్సిన చోట మరమరాలు పోసుకున్నావా" అనే తిట్టుకు ప్రతిరోజూ మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు.

నిజానికి వాళ్ళ కోసం కాదు. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా కాసేపు ఆ గొంతుతో మాట్లాడుతున్నాను. ఇల్లు మరీ చప్పుడు లేకుండా ఉంటోంది. ఆమె అడిగినట్టు అడిగి, నేను జవాబు చెప్తున్నాను. ఇది డాక్టరు చదివితే చదవనీ.

గొంతు కొంచెం గరగరలాడుతోంది. ముప్పై ఏళ్ళు నాపరాళ్ళు కోసిన దుమ్ము మింగిన గొంతు, అంత సన్నగా సాగదీస్తే గరగరలాడదా.

రోహిణి, తొమ్మిదో రోజు

పొద్దున తెల్లారించాను. మూడుసార్లు అంటే గానీ వినలేదు. మధ్యాహ్నం దగ్గు. సాయంత్రం కూత పడింది. నోరు తెరిచాను.

గాలి వచ్చింది. మాట రాలేదు.

మళ్ళీ ప్రయత్నించాను. పగిలిన చక్రం చప్పుడు వచ్చింది. పలుకు ఆడపిల్లలా మర్యాదగా "గొంతు కలవలేదు" అంది. వేడి నీళ్ళు తాగాను. మిరియాలు నమిలాను. "గొంతు కలవలేదు." పటిక బెల్లం బుగ్గన పెట్టుకున్నాను. "గొంతు కలవలేదు." దాన్ని గోడకేసి కొట్టబోయి చెయ్యి ఆపుకున్నాను.

నాలుగు యంత్రాలూ మోగుతూనే ఉన్నాయి. ఆమె ముఖం మీద వెలుగు ఆరడం లేదు. పెళ్ళికూతురు నవ్వుతోంది, నాదస్వరం, మల్లెలు, అదురు. ఊరంతా పొద్దుగూకింది. తిరపతమ్మకు గూకలేదు.

రోహిణి, పదకొండో రోజు

దీపం నారింజ.

మాట పూర్తిగా పోయింది. నాపరాతి ముక్క మీద బలపంతో రాసి చూపిస్తున్నాను. మస్తాను వచ్చి పలుకును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చెప్పా గదన్నా, జత కట్టినాక విడదని."

కరెంటు తీసెయ్యమని రాశాను.

"పెట్టె కూడా అదే లైనులో ఉంది. చలి పోయిద్ది. ఈ ఎండకు..."

గోడకు ఆనించి ఉన్న రాళ్ళు కొట్టే సుత్తి చూపించాను. అతను తల అడ్డంగా ఊపాడు. "నలుగురం నాలుగు సుత్తులు పట్టుకొని ఒక్కసారి కొట్టామనుకో. రాత్రి వచ్చిద్ది. మళ్ళా తెల్లారేదెట్టా?"

సువార్తమ్మ నోట్లో కొంగు తీసి, ముందుకొచ్చి, తిరపతమ్మలా "ఆపు!" అంది. చర్చిలో ప్రసంగం చెప్పినట్టు వచ్చింది. పలుకు ఒప్పుకోలేదు. ఆమె పట్టు వదల్లేదు. సన్నగా అంది, ముక్కుతో అంది, కోపంగా అంది, చివరికి చేతులు జోడించి "ఆపమ్మా, నీకు పుణ్యముంటది" అని యంత్రాన్నే బతిమాలింది. మరో రోజైతే ఈ ముచ్చట ఏడాదంతా చెప్పుకొని నవ్వేవాణ్ణి.

పెట్టె మూత మీద ముఖం దగ్గర గాలి కోసం జల్లెడ ఉంటుంది. అందులోంచి చూస్తూ కూర్చున్నాను. కనురెప్పల కింద గుడ్లు అటూ ఇటూ పరిగెడుతున్నాయి. విశ్రాంతి లేదు. ఎవరో తరుముతున్నట్టు.

నోరు ఒకటే నా ఆస్తి అనుకునేవాణ్ణి. ఊరందరి గొంతులూ అనగలవాణ్ణి, నా పెళ్ళాన్ని పడుకోబెట్టడానికి ఒక్క మాట అనలేను.

రోహిణి, పదమూడో రోజు

నారింజ కాదు. అంచుల్లో ఎరుపు. రేపు రోహిణి వెళ్ళిపోతుంది, ఎల్లుండి పొద్దున మృగశిర కూత. మస్తాను పొద్దున తొంగిచూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అనేవాడు అనకుండా వెళ్ళాడంటే నాకర్థమైంది.

మూడో వీధి పెట్టె చూడటానికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. మడతలు చక్కగా ఉన్నాయి.

రోహిణి, ఆఖరి రోజు

రాయకుండా ఉండలేను.

సాయంత్రం కూతకు ముందు పెట్టె దగ్గర కూర్చున్నాను. దీపంలో నారింజ ఇక సన్నటి గీతంత మిగిలింది. టీవీలో పెళ్ళివాళ్ళు ఇంకా తలంబ్రాలు పోసుకుంటున్నారు. మల్లెల వాసన ముక్కు వదలడం లేదు.

అప్పుడు పోయినేడు గుర్తొచ్చింది. పోయినేడూ నాదే కాపు. ఇదే సీరియలు, ఇదే పెళ్ళి. పురోహితుడు మంత్రం ఎత్తుకోగానే వాసన డబ్బాలో మల్లెలు తీసి ఎండు నెత్తళ్ళ చేపలు పెట్టాను. మృగశిర నాడు మూత తెరుచుకోగానే తిరపతమ్మ మొదటి మాట, "పెళ్ళిలో నెత్తళ్ళు వేయించింది నువ్వే గదూ?" అంతకు ముందేడు ఆవు పేడ. ఆ ముందేడు కిరసనాయిలు. కలలో ఏ కంపు తగిలినా ఎవడి పనో ఆమెకు తెలుసు. ఈసారి పడుకోబోయే ముందు నా చెవి మెలేసి మరీ చెప్పింది. "వెధవ్వేషాలు వేశావంటే పెట్టెలోంచి లేచొచ్చి నీ పని చెప్తా."

లేచొచ్చి.

పరిగెత్తాను. సువార్తమ్మ ఇంట్లో గూట్లో నెత్తళ్ళ డబ్బా ఉంది, మృగశిర నాడు పొద్దున వండుకోవడానికి ఏడాదంతా దాచుకుంటుంది. కొడుకు లేవగానే ముందు అదే అడుగుతాడు. బలపంతో "నెత్తళ్ళు" అని రాసి చూపించాను.

"ఇప్పుడు నీకు ఆకలా?"

"ఆమెకు" అని రాశాను.

"నీకు మతి పోయింది. నాలుగూ కలవకపోతేనే చెదిరిద్దంటంటే, ఐదోది తెస్తావా?"

రాయి తుడిచి మళ్ళీ రాశాను. చిన్న తప్పుకు మనిషి తికమకపడుతుంది. పెద్ద తప్పు చూస్తే ఎవడు చేశాడో తెలిసిపోతుంది.

ఆమె పెదవులు కదుపుతూ చదివింది. రెండోసారి చదివింది. డబ్బా తీసి కొంగులో పెట్టుకుంది. "పెట్టెలు మూసి ఉన్నన్నాళ్ళు పొగ వచ్చేది ఏదీ వేయించకూడదని రూలు. అందరి గాలీ ఒకటే," అని, "పట్టుకుంటే నువ్వే వేయించావని చెప్తా," అని నాకంటే ముందు నడిచింది.

పెనం మా పెట్టె పక్కనే, పలుకు జల్లెడ అంచున పెట్టాం. నెత్తళ్ళు పడ్డాయి. చిటపటమన్నాయి. ఆ వాసన సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మల్లెల మీద పడి, మల్లెల్ని తొక్కి, ఇల్లంతా నిండింది. నేను విసనకర్రతో జల్లెడలోకి విసురుతున్నాను. సువార్తమ్మ దగ్గుతూ తిప్పుతోంది. సాయంత్రం కూత పడింది.

దీపంలో నారింజ గీత పోయింది. మొత్తం ఎరుపు.

సువార్తమ్మ గరిటె ఆపేసింది. "చెన్నయ్యా," అంది మెల్లగా. "చాలు రా ఇంక."

నేను విసరడం ఆపలేదు. అరవాలనుంది. అరుపు లేదు. విసరడమే ఉంది.

ముందు ముక్కుపుటాలు కదిలాయి. నా కళ్ళకు పొగ వల్ల అనుకున్నాను. తర్వాత కనుబొమల మధ్య గీత పడింది. ఆ గీత నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా అది నా కోసమే పడుతోంది. పెదవులు విడివడ్డాయి. చలిలోంచి, ఎక్కడో అడుగులోంచి, నిద్ర ముద్దలో ముద్దగా, విసుగ్గా ఒక మాట వచ్చింది.

"ఆపు..."

పెళ్ళి ఆగింది. నాదస్వరం ఆగింది. మల్లెలు ఆగాయి, పీట ఆగింది. నాలుగూ ఒక్కసారి. ఒక్కటీ వెనకబడలేదు. ఇంట్లో చీకటి, నెత్తళ్ళ చిటపట తప్ప చప్పుడు లేదు.

నేను విసనకర్ర కింద పెట్టాను. సువార్తమ్మ చీకట్లో నా తల మీద చెయ్యి పెట్టింది. దీపం ఎర్రగానే ఉంది. చాలాసేపు ఎర్రగానే ఉంది. ఆ తర్వాత, చూస్తుండగానే, మధ్యలో నారింజ చుక్క.

మృగశిర కార్తె, మొదటి రోజు

దీపం పసుపు. కూత పడింది. పైన ఎక్కడో రాళ్ళ మీద చినుకుల చప్పుడు. మా పెట్టె అందరికంటే ఆలస్యంగా తెరుచుకుంది, ఆ ఆలస్యంలో నేను పడ్డది ఇక్కడ రాయను.

తిరపతమ్మ లేచి కూర్చుంది. చిక్కిపోయింది. కాసేపు నన్ను ఎవరో అన్నట్టు చూసింది. తర్వాత ముక్కు ఎగబీల్చి, పెనం వైపు చూసింది.

"ఏంటి, ఈసారి ఇంట్లోనే వేయించావా?"

తల ఊపాను.

"నోరేది?"

గొంతు చూపించి చెయ్యి అడ్డంగా తిప్పాను. ఆమె నమ్మలేదు, ఇదీ ఒక వేషమే అనుకుంది. నేను ఏడుస్తుంటే అప్పుడు నమ్మింది. దగ్గరికి లాక్కుని వీపు మీద ఒకటి వేసింది. దెబ్బలో బలం లేదు. బలం రావడానికి కొన్నాళ్ళు పడుతుందట.

వీధంతా గోలగా ఉంది. ఆఖరి రాత్రి కలలో నెత్తళ్ళ కంపు కొట్టిందని ప్రతి ఇంట్లోనూ చెప్పుకుంటున్నారు. పంచాయతీ వాళ్ళు ఎవరు వేయించారని అడుగుతూ తిరుగుతున్నారు. సువార్తమ్మ కొడుకు డబ్బా ఖాళీగా ఉందని అలిగాడు. ఆమె నా వంక వేలు చూపించింది, చెప్పినట్టే.

మధ్యాహ్నం మస్తాను వచ్చి తిరపతమ్మకు పలుకు చూపించాడు. నేనెట్లా తెల్లారించానో అందులో దాచి ఉందట. తీసి వినిపించాడు. "ఏమయ్యో! తెల్లారింది!" అని సన్నటి, సాగదీసిన, ముక్కు గొంతు ఇల్లంతా మోగింది. మస్తాను నవ్వాపుకోలేక బయటికి పోయాడు.

తిరపతమ్మ నా వైపు తిరిగింది.

"నేనట్టా మాట్లాడతానా?"

మాట ఉంటే ఏదో ఒకటి అని తన్నులు తినేవాణ్ణి. అడ్డంగా తల ఊపాను. ఆమె అనుమానంగా చూసి, పలుకును తీసుకుని, వంటింట్లోంచి పాలిథిన్ కవరు తెచ్చి తొడిగి, రబ్బరు బ్యాండు వేసి, తన తలగడ కింద పెట్టుకుంది.